మైలమ వదిలేసిన చందమామ

పాలవంక కొలువుకూటంలో తూర్పు కిటికీకి అడ్డంగా వేలాడే ఆ బొమ్మను చూడ్డానికి ఏడు రాజ్యాల వాళ్లు వచ్చేవారు. దాని పేరు వెన్నెలకాన. పన్నెండు మూరల బట్ట, బట్ట నిండా అడవి. నల్లమద్దులు, ఇప్పచెట్లు, వెదురు పొదలు, నడుమ రాళ్ల మీంచి జారే వాగు, పైన నిండు చందమామ. చందమామ అంచున ఆవగింజంత బంగారు అక్షరాల్లో ఒక పేరు. కాచన.

ఆ కాచన ఇప్పుడు ఆ బొమ్మ ముందే నిలబడి ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం. కొలువంతా కిక్కిరిసి ఉంది. ఎవరూ కనీసం దగ్గడం కూడా లేదు.

బొమ్మలో మూడు రోజుల కిందటి దాకా లేని మనిషి ఒకతె ఉంది. బొటనవేలంత ఎత్తు, ఎర్ర చీర, కాళ్లకు వెండి అందెలు. యువరాణి కువలయదేవి. మొన్న వాగు దగ్గర ఉంది. నిన్న ఇప్పచెట్ల నీడకు చేరింది. ఈ పొద్దు అడవి చివరికి వచ్చేసింది. అడవి చివర నల్లటి గుహ ఒకటి తెరుచుకుని ఉంది. అదీ మూడు రోజుల కిందట లేదు.

ఇదంతా అంజనభట్టు పని. పన్నెండేళ్ల కిందట మణికేతు మహారాజు దేశం నుంచి వెళ్లగొట్టిన మాంత్రికుడు వాడు. కాటుక అమ్ముకునే ముసలమ్మ వేషంలో అంతఃపురంలో దూరాడు. యువరాణి కళ్లకు కాటుక దిద్దాడు, బొమ్మ ముందుకు తెచ్చాడు, పేరు పెట్టి మూడుసార్లు పిలిచాడు. బొమ్మలో రాసి ఉన్న పేరు ఏదైనా సరే, మూడుసార్లు పిలిస్తే ఆ మనిషి వాడి చేతిలో బొమ్మే. వెన్నెలకాన అడుగు అంచున కువలయదేవి పేరు ఉంది. ఆ పిల్ల పుట్టిన పండగకే ఆ బొమ్మ గీయించారు. ఆమె నీళ్లలోకి దిగినట్టు బట్టలోకి దిగిపోయింది. ముసలమ్మ మగ గొంతుతో నవ్వి, తానూ కాటుక పూసుకుని వెంట దిగింది. మూడో రోజు పొద్దు వాలేలోపు సింహాసనం తనదని రాసి రాజముద్ర వేసి చూపించకపోతే పిల్ల మసిగుహలో కలిసిపోతుందని లోపలినుంచే కబురు చెప్పాడు.

లోపల గుసగుసలాడినా కొలువులో వినబడుతుంది. కొలువు మాట మాత్రం లోపలికి వినబడదు. మూడు రోజులుగా కూతురి అందెల చప్పుడు వింటూ మహారాజు అన్నం ముట్టలేదు.

పాలవంక చిత్రకారులకు ఒక కట్టుబాటు ఉంది. ఏ బొమ్మకైనా ఆఖరున పెట్టేది కన్ను. కన్ను పెట్టిన వాళ్లదే బొమ్మ. లోపలికి ఎవరు ఏ మాయ చేసి పోయినా బయటికి దారి మాత్రం కంటిలోంచే. ఆ కన్ను తెరుచుకునేది పెట్టిన వాళ్లకే. మనుషులు లేని వెన్నెలకానకు కన్ను చందమామ.

ముసలమ్మ వదిలేసి పోయిన కాటుకభరిణెలో ఒక్క మనిషికి సరిపడా కాటుక మిగిలి ఉంది. సేనాపతి రణమల్లుడు తాను పోతానని ముందుకు వచ్చాడు. మహారాజు చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు పోగలవు, రాలేవు. కన్ను పెట్టినవాడే పోవాలి. కాచనా, నా బిడ్డను తీసుకురా."

ఇక్కడ చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. ఆ కన్ను కాచన పెట్టలేదు. ఆ అడవి కాచన గీయలేదు. ఎడమ మూలన ఉన్న పులి ఒక్కటి తప్ప ఆ బట్ట మీద అతని చెయ్యి లేదు. రాజులను, ఏనుగులను, పల్లకీలను బాగా గీసేవాడు కానీ అతను గీసిన చెట్లు నిలబెట్టిన చీపుళ్లలా ఉండేవి. వెన్నెలకాన గీసింది అతని భార్య మైలమ. పదకొండు నెలలు, పొయ్యి దగ్గరి పని అయ్యాక గీసింది. బొమ్మను కొలువుకు తెచ్చిన రోజు, రంగు గిన్నెలు పట్టుకుని వెనక నిలబడిన ఆ ఆడమనిషి ఎవరని మహారాజే అడిగాడు. కాచన చెప్పిన జవాబు ఇది. "రంగులు నూరే మనిషి, ప్రభూ." భార్య అని కూడా అనలేదు. మహారాజు అతని చేతికి సింహం తల కడియం తొడిగి, ఆమెకు ఒక నేతకోక ఇప్పించాడు. ఆమె ఇంటికి వచ్చి ఒకే మాట అంది. "చందమామ జోలికి మాత్రం పోవద్దు."

రెండేళ్లకు చలిజ్వరంలో పోయింది. ఆ మరుసటి నెలే అతను చందమామ జోలికి పోయాడు. పరదేశం నుంచి వచ్చిన చిత్రకారుడొకడు బొమ్మ చూసి, చందమామ దగ్గర బట్ట కనబడుతోందే, రంగు వెయ్యడం మరిచిపోయారా అని నవ్వాడు. నిజమే, అక్కడ ఉత్త బట్టే ఉంది, రంగు లేదు. ఆడమనిషి సగంలో వదిలేసిందని కాచన అనుకున్నాడు. దుమ్ము దులిపే నెపంతో నిచ్చెన ఎక్కి, శంఖం కాల్చి నూరించిన తెలుపును దళసరిగా పూసి, అంచున తన పేరు రాసుకున్నాడు. అప్పటినుంచి బొమ్మ కొంచెం మసకబారింది. పాతబడిందని అందరూ అనుకున్నారు. పదిహేడేళ్లుగా అనుకుంటూనే ఉన్నారు.

ఈ మాటలన్నీ ఆ మధ్యాహ్నం మహారాజు ముందు చెప్పవలసింది. నోరు తెరిచాడు కూడా. నోట్లోంచి వచ్చింది మాత్రం, "చిత్తం, ప్రభూ."

కళ్లకు కాటుక పెట్టుకున్నాడు. కుంచె జుట్టుముడిలో దోపుకున్నాడు. రంగు గీకే చిన్న కత్తి మొలలో పెట్టుకుని బట్టలోకి కాలు పెట్టాడు.

అడుగు పడగానే ఎండ పోయింది. చల్లటి గాలి, తడిసిన ఆకుల వాసన. ఎటు చూసినా అడవి. ఒక్కో మద్దిచెట్టు మొసలి వీపులాంటి బెరడుతో ఆకాశం దాకా లేచి ఉంది. వెదుళ్లు ఒకదాన్నొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. రాలిన ఇప్పపూలు పాలచుక్కల్లా నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఆకు ఆకుకీ ఈనెలు ఉన్నాయి, ఏ రెండు ఆకులూ ఒకలా లేవు. సాలెగూడు మీద మంచుబొట్టు ఉంది, మంచుబొట్టులో మళ్లీ అడవి ఉంది. పదకొండు నెలలు అదే ఇంట్లో ఉన్నవాడు ఇవేవీ చూడలేదు.

ఒక వింత మాత్రం ఉంది. వెలుగు పైనుంచి రావడం లేదు. పైన చందమామ పిండి అద్దిన పళ్లెంలా చచ్చుగా ఉంది. వెలుగు కింది నుంచి, ఎక్కడో వాగు వైపునుంచి వస్తోంది. ఆకుల అడుగులు మెరుస్తున్నాయి, పైభాగాలు చీకటిగా ఉన్నాయి.

ఎదురుగా చదునైన వెడల్పాటి దారి కనబడింది. దాని మీద నడిచాడు. నాలుగో అడుగుకు మోకాలిదాకా, అయిదో అడుగుకు నడుందాకా దిగబడ్డాడు. అది దారి కాదు, బురద మీద పేరుకున్న నాచు. కదిలినకొద్దీ లోపలికి లాగుతోంది. రొమ్ముదాకా మునిగాక ఒక వెదురుగడ వచ్చి అతని ముందు పడింది. గడ రెండో కొసను ఒక జింక నోట కరిచి పట్టుకుని ఉంది. అతను పాకి ఒడ్డున పడేదాకా అది వదల్లేదు.

"దారి అనుకున్నావా?" అంది జింక. "వేటగాళ్లు అలా అనుకోవాలనే అమ్మ అక్కడ నాచు గీసింది. ఈ బొమ్మ నీదని పైన రాసుకున్నావు గదా. నీకు తెలీదా?"

కాచన బురద తుడుచుకుంటూ జింకను చూశాడు. దానికి మూడే కాళ్లు. ముందరి కుడికాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. బయటినుంచి చూస్తే ఆ కాలికి పొద అడ్డం ఉంటుంది. కాలు పొద వెనక దాచడంలో ఎంత నేర్పు చూపాడోనని పండితులు అతన్ని మెచ్చుకున్నారు. అతను తల వంచుకుని ఆ మెప్పు అందుకున్నాడు.

ఆ కాలు ఏమైందని అడిగాడు.

"మూడో కాలు అయ్యి, నాలుగో కాలు మోకాలిదాకా వచ్చింది. నువ్వు పెరట్లోంచి కేక వేశావు, నీళ్లు తోడమని. అమ్మ కుంచె కింద పెట్టి వెళ్లింది. మళ్లీ వచ్చేసరికి రంగు ఎండిపోయింది. మర్నాడు నువ్వు బొమ్మ చుట్టేసి కొలువుకు పట్టుకుపోయావు."

ఈ మాటలు కొలువులో వినబడుతున్నాయని కాచనకు అప్పుడు గుర్తొచ్చింది. జింక మాట మీద పడేలా గట్టిగా దగ్గాడు. ఒకసారి కాదు, రెండుసార్లు దగ్గాడు. రాజు బిడ్డ ప్రాణం మీదికి వచ్చిన పూట అతను చేసిన పని అది.

జింక తల తిప్పుకుంది. కుంటుకుంటూ ముందు నడిచింది. అతను వెనక నడిచాడు.

వెదురు పొదలు దాటుతుండగా వెనక ఆకులు నలిగాయి. పులి. పసుపుకొమ్ములా పచ్చగా, కొలబద్ద పెట్టి గీసినట్టున్న చారలతో, పెద్ద పళ్లెమంత తలతో నిలబడి ఉంది. దానికి రంగు తప్ప వాసన కూడా లేదు. మహారాజుకు వేట ఇష్టమని, అడవిలో పులి లేకపోతే ఎలాగని పట్టుబట్టి కాచన గీసిన పులి.

"ఇది అమ్మది కాదు," అంది జింక.

"నాదే."

పులి దూకింది. కాచన పక్కకు పడ్డాడు. పంజా తగిలి అతని పక్కన వెదురుగడ నిలువునా చీలింది. జింక మూడు కాళ్ల మీద ఎగిరి పొద అవతల పడింది. పులి మళ్లీ ఒంటిని కూడదీసుకుంది. అప్పుడు కాచనకు ఇరవై ఏళ్ల కిందటి మాట ఒకటి గుర్తొచ్చింది. దాని మెడ తిరిగేలా లేదు, భుజం దగ్గర ఎముక తప్పు పెట్టారు అని మైలమ అంటే, అన్నం సంగతి చూడమన్నాడు. ఆమె చెప్పింది నిజం. పులి మెడ తిరగడం లేదు. పక్కకు చూడాలంటే ఒళ్లంతా బండి తిప్పినట్టు తిప్పుకోవలసి వస్తోంది.

కాచన పక్క నుంచి పక్కకే పరుగెత్తాడు. ఒక మద్దిచెట్టు చుట్టూ తిరిగాడు. పులి చుట్టూ తిరిగింది. అతను రెండు చెట్ల సందులోంచి ఏటవాలుగా దూరాడు. పులి నేరుగా దూకింది. భుజాల దాకా సందులో ఇరుక్కుంది. గాండ్రించింది కానీ తల తిప్పలేకపోయింది. అతని చేతిపని అతన్ని తినడానికి వచ్చి, అతని చేతకానితనం వల్లే ఆగింది. జింక ఒకసారి పులినీ ఒకసారి అతన్నీ చూసింది. చూపు అంతే. అతనికి పంజాదెబ్బే నయమనిపించింది.

ఇద్దరూ అడవి చివరికి చేరేసరికి అందెల చప్పుడు వినబడింది. కువలయదేవి నడుస్తోంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ కనుగుడ్లు మసిపూసినట్టు నల్లగా ఉన్నాయి. చీలమండకు సిరాతో పేనిన తాడు కట్టి ఉంది. తాడు రెండో కొస గుహలో ఉంది. గుహలో ఎవరో ఆ తాడును బావిలోంచి చేద లాగినట్టు తీరిగ్గా లాగుతున్నారు. ఇంకో ఇరవై అడుగులు మిగిలాయి.

కాచన కత్తి తీసి తాడు కోశాడు. తాడు తెగింది, మళ్లీ అతుక్కుంది. రెండోసారీ అంతే.

"తాడు కళ్లలోంచి వస్తోంది," అంది జింక. "వాగులో వెలుగున్న చోట నీళ్లు తెచ్చి కళ్లు కడుగు."

పరుగెత్తాడు. వాగు మలుపులో నీళ్ల మీద ఇంకో చందమామ ఉంది. పై చందమామ నీడ. ఇదీ మైలమ ఉత్త బట్టగా వదిలేసిందే. నిచ్చెన ఎక్కిన రోజు కాచన దీన్ని గమనించలేదు కాబట్టి బతికిపోయింది. అడవిలో ఉన్న వెలుగంతా ఇందులోంచే పైకి లేస్తోంది. దోసిలి పెట్టబోతూ వంగి చూశాడు. వెలుగులో పడుగు పేక దారాలు కనబడ్డాయి. దారాల సందుల్లోంచి తూర్పు కిటికీ కమ్ములు, వాటి అవతల పగటి ఆకాశం.

బొమ్మను తూర్పు కిటికీకి అడ్డంగానే కట్టాలని, గోడకు వద్దని మైలమ ఎందుకు పట్టుబట్టిందో అతనికి అప్పుడు తెలిసింది. వెన్నెల ఆమె గీయలేదు. వెన్నెలకు చోటు వదిలింది. రంగు మీద అంత ఆశ ఉన్న ఇంట్లో రంగు వెయ్యకుండా ఉండగలిగిన మనిషి ఆమె ఒక్కతే. తాను పైకి ఎక్కి ఆ చోటును సున్నం కొట్టినట్టు మూసేశాడు. మీద పేరు కూడా రాశాడు.

నీళ్లు తెచ్చి యువరాణి కళ్లు కడిగాడు. మసి కరిగి చెంపల మీద కారింది. తాడు జారిపోయింది. ఆమె రెప్పలు ఆర్పి అతన్ని పోల్చుకుంది.

"కాచనయ్యా. మా నాన్న సైన్యాన్ని పంపుతాడనుకున్నాను, మిమ్మల్ని పంపాడా?" అని, అతని ఒంటి మీది బురద చూసి, "మీ అడవిలో మీరే దిగబడ్డారా?" అంది.

గుహలోంచి తాడు ఖాళీగా వెళ్లింది. దాని వెనకే అంజనభట్టు బయటికి వచ్చాడు. నిలువెత్తు మనిషి, ఒళ్లంతా మసి, కళ్లు మాత్రం కోడిగుడ్లంత తెల్లగా ఉన్నాయి. తొందరేమీ పడలేదు. చందమామ వైపు చెయ్యి చూపించి, కన్ను పెట్టిన మొనగాడు వచ్చాడు గదా, తెరిచి చూపించమన్నాడు.

కాచన గొంతు పెంచి, కొలువుకు వినబడేలా అన్నాడు. "నేను కాచనను. ఈ కన్ను నేను పెట్టాను. తెరుచుకో."

చందమామ కదల్లేదు. ఒక ఆకు రాలింది. యువరాణి ఆకాశం కేసి, తర్వాత అతని మొహం కేసి చూసింది. అంజనభట్టు కడుపు పట్టుకుని నవ్వాడు.

"నాకు తెలుసులే. మూడు రోజులుగా ఇక్కడే ఉన్నాను, చెట్లు మాట్లాడుకోవా? దొంగ యజమాని పేరు కంటి మీద ఉంది, నాకు అది చాలు. కాచనా." కాచన పాదాలు మొద్దుబారాయి. "కాచనా." మోకాళ్లదాకా రంగు పట్టి గట్టిపడ్డాయి.

మూడోసారి పిలవడానికి వాడు నోరు తెరిచేలోపు యువరాణి కాలి అందె ఊడదీసి విసిరింది. వెండి అందె పోయి పళ్లకు తగిలింది. వాడు నోరు పట్టుకుని వెనక్కి తూలాడు. పిలుపు పూర్తి కాలేదు కాబట్టి కాచన మోకాళ్లు వదులయ్యాయి. కానీ వాడి నోట్లోంచి నెత్తురుకు బదులు సిరా కారడం మొదలైంది. ధారగా, కాలవగా, ఏరుగా. సిరా తాకిన చెట్టు నల్లబడి, చదునై, మాయమవుతోంది. వెదుళ్లు పోయాయి. ఇప్పచెట్లు పోయాయి.

అన్నిటికన్నా ఎత్తయిన మద్దిచెట్టు ఎక్కారు. ముందు యువరాణి, వెనక కాచన. జింక చెట్టు మొదట్లో ఆగిపోయింది, జింకలు చెట్లెక్కవు. చిటారు కొమ్మకు చేరేసరికి చందమామ చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా ఉంది. కాచన కత్తి తీసి తెలుపు గీకసాగాడు. ముందు గీకింది తన పేరే. బంగారు పొడి గాలికి ఎగిరిపోయింది. తెలుపు పెచ్చులు పెచ్చులుగా అతని ఒళ్లో రాలింది.

"పేరెందుకు చెరుపుతున్నారు?" అని అడిగింది యువరాణి.

అబద్ధం అప్పటికే నాలుక మీద ఉంది. రంగు పాతబడింది, మళ్లీ రాస్తాను అంటే సరిపోయేది. అతను ఆ అబద్ధాన్ని మింగడానికి ఒక క్షణం పట్టింది. ఆ క్షణంలో కింద ఇంకో పది చెట్లు పోయాయి.

తెలుపంతా రాలింది. ఉత్త బట్ట బయటపడింది. కిటికీ వెలుగు ఒక్కసారి అడవి మీద పడింది. ఆకులు తలకిందులైనట్టు పైవైపులు వెలిగాయి. వాగు నిండా వెన్నెల పారింది. అంజనభట్టు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అయినా బట్ట డప్పు తోలులా బిగుసుకునే ఉంది. దారి ఇవ్వలేదు. అది ఇంకా అడుగుతున్నది కన్ను పెట్టిన మనిషి పేరని కాచనకు తెలుసు. కొలువులో ఉన్న మూడు వందల మందికి వినబడుతుందనీ తెలుసు.

"మైలమ," అన్నాడు. మళ్లీ అన్నాడు. "మైలమ. నా భార్య. ఆ రోజు రంగులు నూరే మనిషని చెప్పాను. ఈ బొమ్మ ఆమె గీసింది. కన్ను ఆమె పెట్టింది. నేను గీసింది ఆ పులి ఒక్కటే. ఈ కన్ను మీద సున్నం పూసి మూసిందీ నేనే." ఊపిరి పీల్చుకుని మూడోసారి అన్నాడు. "మైలమ."

బట్ట నడుమ దారాలు పక్కకు జరిగాయి. దర్వాజా అంత సందు ఏర్పడింది. అవతల కొలువు. రణమల్లుడు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. యువరాణి అతని చేతుల్లోకి దూకింది. దూకే ముందు కాచన వైపు తిరిగి చూసింది.

సందులోంచి మహారాజు గొంతు వినబడింది. కోపం లేని గొంతు. "ఆ రోజు నేను అడిగాను గదయ్యా నిన్ను."

కాచన ఒక కాలు సందులో పెట్టాడు. సందు అంచులు మెల్లగా దగ్గరకు వస్తున్నాయి. కింద జింక కనబడింది. సిరా దాని మోకాళ్లదాకా వచ్చింది. పరుగెత్తాలని మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లు పక్కకు ఒరిగిపోయింది.

రణమల్లుడు చెయ్యి అందించాడు. కాచన సింహం తల కడియం ఊడదీసి ఆ చేతిలో పెట్టాడు. అది మహారాజుకు ఇచ్చెయ్యమన్నాడు. కాలు వెనక్కి తీసుకుని చెట్టు దిగాడు. పైన బట్ట మూసుకుంది. వెన్నెల మాత్రం అలాగే ఉంది.

చెట్టు మొదట్లో నడుములోతు సిరా, వెన్నెల పడ్డాక దాని చెరిపే జోరు మాత్రం తగ్గింది. జుట్టుముడిలోంచి కుంచె తీశాడు. పంచె మడతల్లో చిక్కుకుని మిగిలిన తెల్లటి పెచ్చులను అరచేతిలో వేసి, నోటి తడితో, బొటనవేలితో నూరాడు. పెళ్లయ్యాక అతను తన చేత్తో రంగు నూరడం అదే మొదలు. జింకను చెట్టు వేరు మీదికి ఎక్కించి, తెగిన మోకాలి కింద గీయడం మొదలుపెట్టాడు. గిట్ట కొంచెం పెద్దదైంది. కాలు బాగా కుదరలేదు, రంగు కూడా కలవలేదు, గోధుమరంగు జింకకు సున్నపు కాలు. అయినా నిలబడింది.

జింక ఆ కాలును ఒకసారి నేలకు ఆనించి చూసుకుంది. తర్వాత వేరు మీంచి వాగు అవతలికి ఒక్క దూకు దూకింది. ఇంకా సిరా తాకని పొదల్లోకి, మైలమ గీసిన లోతుల్లోకి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలని అతను అనుకోలేదు కూడా.

సిరా మీద నడుచుకుంటూ అంజనభట్టు వచ్చాడు. పిట్ట జారిపోయిందన్న కక్ష వాడి తెల్లటి కళ్లలో ఉంది. విరిగిన పళ్ల సందుల్లోంచి, ఈసారి తడబడకుండా, మూడుసార్లు పిలిచాడు.

"కాచనా. కాచనా. కాచనా."

కాళ్లు మొద్దుబారలేదు. వేలి కొసకు కూడా రంగు పట్టలేదు. వాడు తల ఎత్తి చందమామను చూశాడు. అంచు శుభ్రంగా ఉంది. ఆ పేరు ఇప్పుడు ఆ బొమ్మలో ఎక్కడా లేదు. మాంత్రికుడు మొదటిసారి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మరి ఎవడివిరా నువ్వు?"

అరచేతిలో ఇంకా పిడికెడు తెల్లపొడి మిగిలి ఉంది. దాన్ని గట్టిగా పట్టుకుని అతను సిరాలోకి దిగాడు.

"రంగులు నూరేవాణ్ణి," అన్నాడు, పొడిని వాడి కళ్లలోకి కొడుతూ.